మల్లయ్య మామకు కోటు తొడిగించాను

పోయిన ఆదివారం నేనేం చేశానో తెలుసా? కాలం చేసి ఏడేళ్లయిన మనిషికి కోటూ టై తొడిగించాను. అదీ ఆయన భార్య ముందు, చుట్టాలందరి సాక్షిగా. అంతటితో ఊరుకున్నానా, "చూడు అత్తా, ఎంత కళగా ఉన్నావో" అని ఆవిడతోనే అన్నాను. నాకు ఆ షాక్ ఇంకా దిగలేదు. ఉండండి, మొదటి నుంచి చెప్తాను. మీ టీ మీరు తాగుతూ వినండి.

నాకు యాభైమూడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్యాకింగ్ కంపెనీలో స్టోర్స్ చూసుకుంటాను. ఆరేళ్ల కింద ఒక మంచి కెమెరా కొనుక్కున్నాను. అప్పటి నుంచి మా కాలనీలో బతుకమ్మకైనా బారసాలకైనా నేనే ఫోటోగ్రాఫర్ని. వసంత అనే నా పేరు మర్చిపోయి "ఫోటో మేడం" అంటారు. నాకది గొప్పగానే ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి.

ఇక కళ్ల సంగతి. నలభై ఆరేళ్లప్పుడు సూదిలో దారం ఎక్కడం మానేసింది. ఈ మధ్య సూది బెజ్జాలు చిన్నవి చేస్తున్నారనుకున్నాను. నలభై ఎనిమిదికి మందు డబ్బాల మీద అక్షరాలు చీమల్లా అయ్యాయి. కంపెనీల పిసినారితనం అనుకున్నాను. యాభైలో మా ఆయన చెయ్యి పట్టుకుని కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే దగ్గరి చూపుకి అద్దాలు రాసిచ్చాడు. తీసుకున్నాను. అవి ఎక్కువ కాలం నా నెత్తి మీదే బతికాయి, జుట్టు మొహం మీద పడకుండా. ఆఫీసులో కంప్యూటర్లో, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని నెట్టుకొస్తున్నాను. నా కింద పనిచేసే రజిత ఒకసారి, "మేడం, మీకు వచ్చిన మెసేజ్‌లు నేను లిఫ్ట్ కాడ నిలబడి చదువుతున్న, జర జాగ్రత్త" అంది.

కెమెరా పట్టుకున్నప్పుడు మాత్రం అద్దాలు అసలు పెట్టను. నాకో కారణం ఉండేది. అద్దాలు పెట్టుకుంటే కెమెరా వెనకాల స్క్రీన్ బాగా కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి మసకైపోతుంది. తీసేస్తే మనిషి బాగా కనిపిస్తుంది, స్క్రీన్ మసకైపోతుంది. రెండూ కనిపించే అద్దాలున్నాయని డాక్టర్ చెప్పాడు. అవి పెద్దవాళ్లకి కదా, తర్వాత చూద్దాం అన్నాను. ఫోకస్ పని కెమెరా తనే చేసుకుంటుంది, దాని కళ్లకి ఆరేళ్లే కదా వయసు అని నా ధీమా.

ఇప్పుడు బాలమ్మత్త. మా అపార్ట్‌మెంట్ వెనక గల్లీలో పాత నాచారం ఊరి ఇల్లు వాళ్లది. డెబ్బై ఆరేళ్లు. మా పార్కింగ్ ఉన్న చోట ఒకప్పుడు వాళ్ల చేను. "మీరు కార్లు వెట్టే జాగల మేం జొన్నలు ఏసినం" అని వారానికోసారి గుర్తు చేస్తుంది. కుడి కంటికి శుక్లం ముదిరింది, గురువారం ఆపరేషన్. ఆ ముందు ఆదివారం కోడలు సువర్ణని పంపించింది, కెమెరా పట్టుకుని రమ్మని.

వెళ్లేసరికి గద్వాల చీర కట్టుకుని, ముక్కుపుడక తుడుచుకుని సిద్ధంగా కూర్చుంది.

"నాకొక ఫోటో దియ్యి పిల్లా. గోడకు వెట్టేది," అంది.

సువర్ణ నొచ్చుకుంది. పావుగంట ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికొస్తారు, ఇవేం మాటలు అంది. బాలమ్మత్త చెయ్యి అడ్డం పెట్టింది. "నేను రేపే సస్త అంటలేను. ఎప్పుడో ఒకనాడు పోయేదే గద. అప్పుడు మీరు ఏం వెడ్తరో నాకు ఎర్కనే," అని గోడ చూపించింది.

గోడ మీద ఆవిడ భర్త మల్లయ్య మామ ఉన్నాడు, దండతో. ఆయన పోయిన రోజు ఇల్లంతా వెతికితే ఒక్క మంచి ఫోటో దొరకలేదట. రేషన్ కార్డు కోసం ఎప్పుడో తీయించుకున్న స్టాంపు సైజు ఫోటో ఒకటి దొరికితే దాన్నే పెద్దది చేయించారు. ఆ ఫోటోలో ఫ్లాష్ పడగానే ఉలిక్కిపడ్డాడు ఆయన. కళ్లు ఇంతింత, నోరు సగం తెరిచి. "ఏడేండ్ల సంది కోడిని ఎత్కపోతూ దొర్కినోని లెక్క సూస్తున్నడు," అంది బాలమ్మత్త. "అసలు ఆయన ఎంత మంచిగుంటుండె. ఎవలన్న నమ్ముతరా?"

తనకి అదీ లేదట. పెళ్లిళ్ల ఫోటోలన్నిట్లో ఆవిడ ఎవరో ఒకరి వెనకే. ఆల్బమ్‌లు తిరగేసి చూపించింది. నిజమే, ఒకదాంట్లో చెవి, ఇంకోదాంట్లో సగం కొప్పు, మరోదాంట్లో వడ్డిస్తున్న చెయ్యి. డెబ్బై ఆరేళ్లలో ఆ మనిషి మొహం పూర్తిగా పడిన ఫోటో ఒక్కటి లేదు. ఆపరేషన్ తేడా కొడితే మొహం ఎట్లా మారుతుందో, అందుకే ముందే తీయించుకోవాలని ఆవిడ లెక్క. నేను సెంటిమెంట్ మనిషిని కాను. కానీ ఈ పని మాత్రం చక్కగా చెయ్యాలనుకున్నాను.

వాకిలి వెలుతురు పడేట్టు కుర్చీ వేశాను. వెనక గోడ మీద, ఎడమ పక్కకి, మల్లయ్య మామ కనిపిస్తున్నాడు. కుర్చీ జరుపుదామా అంటే, ఉండనీ అంది. కెమెరాని చేయి చాచినంత దూరంలో పట్టుకుని మొదలుపెట్టాను. నవ్వాలా అని అడిగింది. మీ ఇష్టం అన్నాను.

"నవ్వను. పోయినంక నవ్వుతున్న ఫోటో వెడితే, పోయిందానికి ఖుషీ అయినట్టుంటది."

ఇరవై తీశాను. పంతొమ్మిదింట్లో కొయ్యలా కూర్చుంది. ఇరవయ్యో దానికి సువర్ణ టీ తెస్తూ గడప తన్నుకుని తూలింది, ఈవిడ అటు చూసింది. తిట్టబోయి ఆగిన చూపు, కొంచెం నవ్వు, కొంచెం పెత్తనం. అసలు బాలమ్మత్త ఆ క్షణంలో ఉంది. నొక్కేశాను. ఇదే ఫోటో అనిపించింది.

స్క్రీన్ చూశాను. చీర రంగు కనిపించింది, తెల్ల జుట్టు కనిపించింది. సూపర్ అనుకున్నాను. ఆవిడకి చూపిస్తే, "నాకంత పొగే పిల్లా. నువ్వు సూస్తే నేను సూసినట్టే," అంది.

అంటే ఆ ఫోటోని ఇద్దరం చూశామన్నమాట. ఒకరికి కంట్లో శుక్లం. ఒకరికి నెత్తి మీద కళ్లద్దాలు.

సోమవారం ఆఫీసు అయ్యాక ఏఎస్ రావు నగర్‌లో ఒక ఫోటో ల్యాబ్‌కి వెళ్లి కెమెరాలోని మెమరీ కార్డు ఇచ్చాను. చిట్టచివరి ఫోటో, పెద్ద సైజు, బంగారు అంచు ఫ్రేమ్ అన్నాను. గోడకి పెట్టేదా అని అడిగాడు అక్కడున్నాయన. అవునన్నాను. పెద్దవాళ్లదా అన్నాడు. డెబ్బై ఆరేళ్లు అన్నాను. ఆయన గొంతు తగ్గించి, "అయ్యో," అన్నాడు. ఈ అయ్యో ఎందుకో నేను అడగాలి కదా? అడగలేదు. మంచిగా చేసి ఇస్తాను, ఫికర్ పడకండి అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుంటూ వచ్చేశాను.

గురువారం ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది. మధ్యాహ్నం ఆవిడని చూడటానికి ఉప్పల్‌లోని కంటి దవాఖానకి స్కూటీ మీద వెళ్తున్నాను. రింగ్ రోడ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫోన్ మోగింది. ల్యాబ్ నుంచి ఒక ఫోటో, కింద పొడుగు మెసేజ్. స్క్రీన్ మీద ఎండ. పైకెత్తి, కిందికి దించి చూశాను. తెల్ల జుట్టు, బంగారు అంచు కనిపించాయి. మెసేజ్ చదవడానికి హెల్మెట్ తీసి, బ్యాగులోంచి అద్దాలు తీసి... ఇంతలో ఆకుపచ్చ పడింది, వెనక బస్సు హారన్ అందుకుంది. బొటనవేలు బొమ్మ ఒకటి పంపించి బండి కదిలించాను. మన దగ్గర బొటనవేలు పంపితే చదివానని అర్థం కాదు కదా. ముందు నువ్వు పక్కకి జరుగు అని అర్థం.

శనివారం ఫ్రేమ్ తెచ్చాను. బుడగల ప్లాస్టిక్ కవర్ చుట్టి ఇచ్చాడు. ఇంటివాళ్ల ముందే విప్పుదామని ముట్టుకోలేదు.

ఆదివారం వెళ్లేసరికి బాలమ్మత్తని చూడటానికి పీర్జాదిగూడ నుంచి వాళ్ల అక్క, అక్క కొడుకులు, కోడళ్లు, మొత్తం ఏడెనిమిది మంది దిగి ఉన్నారు. ఆవిడ నల్లద్దాలు పెట్టుకుని దివాన్ మీద పోలీసాఫీసర్లా కూర్చుంది. కట్టు విప్పినప్పటి నుంచి ఎవరినీ వదల్లేదట. ఒక్క కన్ను బాగయితేనే ఇంత ఉంటుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. గోడల మీద మరకలు లెక్కపెట్టిందట. కొడుకుని దగ్గరికి పిలిచి, "యాదగిరీ, నీ ఎంటికలు ఎటువోయినయిరా," అని అడిగిందట. పాపం యాదగిరి టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు ఇంట్లో.

అందరికీ చెప్పాను, అత్త ఫోటో తెచ్చానని. హాలు మధ్యలో నిలబడి ఫ్రేమ్ నా పొట్టకి ఆనించుకుని, ఆ బుడగల కవర్ మీంచే మురిపెంగా చూస్తూ, ఆ ముక్క అన్నాను. "చూడు అత్తా, ఎంత కళగా ఉన్నావో."

కవర్ లాగేసి ఫ్రేమ్ అందరి వైపు తిప్పాను. నా వైపు అట్టముక్క, మేకుకి తగిలించే కొక్కెం.

చప్పట్లు కొడతారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. యాదగిరి టోపీ తీశాడు. బాలమ్మత్త వాళ్ల అక్క రెండు చేతులూ జోడించి సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. ఇంత బాగా వచ్చిందా అనుకున్నాను, చూడండి నా ధైర్యం.

బాలమ్మత్త నల్లద్దాలు తీసింది. మెడ ముందుకి చాచింది.

"పిల్లా, ఈయన కోటు ఎప్పుడు తొడిగిండు?"

"ఎవరు?" అన్నాను.

ఫ్రేమ్ నా వైపు తిప్పుకున్నాను. నెత్తి మీది అద్దాలు కళ్ల మీదకి దించాను.

మల్లయ్య మామ. నల్ల కోటు, ఎర్ర టై. వెనక నీలాకాశం, తెల్ల మబ్బులు. మొహం మాత్రం అదే, కోడిని ఎత్తుకుపోతూ దొరికిన మొహం. ఇంతకుముందు కంటే రెండింతలు పెద్దగా.

వెంటనే ల్యాబ్‌కి ఫోన్ చేశాను. ఆ కంగారులో ఏదో నొక్కాను, ఫోన్ స్పీకర్లో పడింది. ఇక ఆయన చెప్పిందంతా పీర్జాదిగూడతో సహా అందరూ విన్నారు.

"మీకు మెసేజ్ వెట్టిన గద మేడం. అమ్మ మొఖం మొత్తం మసకున్నది, ఎన్క గోడ మీదున్న పెద్దాయన మస్తు క్లియర్ ఒచ్చిండు. గోడకు వెట్టేది అన్నరు, దండ ఆయనకే ఉండె. పోయింది ఆయనే గద అని ఆయన్నే కట్ జేసి పెద్దగ జేసిన. దండ తీసేసిన. అంగి ఖరాబుంటే కోటేసిన. ఓకేనా అంటే బొటనవేలు వెట్టిన్రు."

మెసేజ్ తెరిచాను. అద్దాలతో. ప్రతి ముక్కా ఉంది. చివర్లో, "మంచిగ చూసుకుని చెప్పండి మేడం," అని రెండుసార్లు ఉంది.

ఆవిడ తిడితే బాగుండేది. తిట్టలేదు. కెమెరాలో ఉన్నవి చూపించమంది. బ్యాగులోంచి తీసిచ్చాను. ఆ చిన్న స్క్రీన్‌ని కొత్త కంటి దగ్గర పెట్టుకుని, నా చేత ఒక్కొక్కటే జరిపిస్తూ ఇరవై ఫోటోలూ చూసింది. నేనూ చూశాను, ఈసారి అద్దాలతో. నేను చూడటం అదే మొదటిసారి అని ఒప్పుకోవాలి.

"ఇండ్ల నేను మసక. ఇండ్ల గుడ మసక. ఇగో ఇండ్ల ఆయన మిలమిల మెరుస్తున్నడు." ఇరవయ్యో దాని దగ్గర చాలాసేపు ఆగింది. ఆ చూపు, ఆ సగం నవ్వు, అన్నీ పొగలో ఉన్నాయి. "బతికున్నన్నాళ్లు ఆయనే ముందట. పోయినంక గుడ ఆయనే. నా ఫోటోల గుడ నేను లేకపోతి."

అప్పుడు కనిపించింది స్క్రీన్ మీద ఒక చిన్న చదరం. అది ఎక్కడుంటే అక్కడ కెమెరా ఫోకస్ చేస్తుంది. మామూలుగా మధ్యలో ఉండాలి. బ్యాగులో ఎప్పుడో మీట నొక్కుకుపోయి ఉంటుంది, ఎడమ పక్క పై మూలకి వెళ్లి కూర్చుంది. సరిగ్గా మల్లయ్య మామ ఉన్న చోటికి. ఆకుపచ్చగా వెలుగుతూ, నేను ఇక్కడున్నాను మొర్రో అంటూ.

దాన్ని మధ్యలోకి తెచ్చాను. మళ్లీ తీస్తాను అత్తా, ఇప్పుడే తీస్తాను అన్నాను. సువర్ణ అడ్డుపడింది, కంటికి వెలుతురు తగలొద్దన్నారని. జర సేపే అని బాలమ్మత్త లేచింది. కుర్చీ తనే ఈడ్చుకుంది, మల్లయ్య మామ ఉన్న గోడకి దూరంగా, తలుపు పక్కకి. కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది.

"నెత్తి మీదియి కండ్లకు దింపు ముందుగాల."

దింపాను. ఎదురుగా ఆవిడ మసక, స్క్రీన్ మీద ఆవిడ స్పష్టం. తీశాను. కెమెరా తెమ్మంది. చూసింది. "ముక్కుపుడక మంచిగొచ్చింది, కండ్లు రాలే. మళ్ల దియ్యి." తీశాను. "ఇండ్ల చెవ్వు ఒచ్చింది. చెవులు నాకు మస్తున్నయ్. మళ్ల." పీర్జాదిగూడ వాళ్లందరూ వెనక నిలబడి చూస్తున్నారు. ప్రతి ఫోటోకి ఆవిడ దగ్గరికి నడవడం, చూపించడం, తిరిగి రావడం. ఆరేళ్ల నా ఫోటో మేడం హోదా ఆ నాలుగడుగుల గచ్చు మీద అరిగిపోయింది.

ఎన్నోదో గుర్తులేదు. యాదగిరి టోపీ లేకుండా ఎదురుగా వచ్చాడు. ఆవిడ వాడి తల వైపు చూసింది. ఆ చూపే. తిట్టబోయి ఆగిన చూపు. నొక్కాను. తీసుకెళ్లి చూపించాను. స్క్రీన్‌ని కంటికి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. చివరికి తల ఊపింది.

"ఇప్పుడు ఒచ్చిన."

ఆ రాత్రి అన్నం వదిలేసి ఏడాది ఫోటోలన్నీ కంప్యూటర్లో తెరిచి అద్దాలతో చూశాను. బతుకమ్మ ఆటలో ఆడవాళ్లందరూ మంచు. ఎడమ పక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద ప్రమాదం అన్న అక్షరాలు మాత్రం శిల్పంలా చెక్కినట్టున్నాయి. మా ఆడపడుచు గృహప్రవేశంలో దంపతులు మసక, మూలనున్న నీళ్ల క్యాన్ల లేబుల్ మీద తేదీ కూడా చదవచ్చు. కాలనీ వాట్సాప్ గ్రూపులో వీటన్నిటికీ "వెరీ ఆర్టిస్టిక్" అని పెట్టారు. ఒకాయన ఆ పొగమంచు ఎఫెక్ట్ ఎలా తెస్తారు మేడం అని అడిగితే పది నిమిషాలు నేర్పించాను కూడా. మా ఆయన నా భుజం మీంచి చూసి, ఆయనకి నేర్పించింది ఆయన మర్చిపోతే మంచిది అని మాత్రం అన్నాడు.

సోమవారం పొద్దున్నే వెళ్లి దగ్గరివీ దూరపువీ రెండూ కనిపించే అద్దాలు ఆర్డర్ ఇచ్చాను. పెద్దవాళ్లవి అన్నానే, అవే.

కొత్త ఫోటో నిన్న గోడకెక్కింది. ల్యాబ్ వాళ్ల మెసేజ్ ఈసారి మూడుసార్లు చదివాను. బాలమ్మత్త దండ మాత్రం వేయనివ్వలేదు, దానికింకా టైముంది అంది. పక్కనే మల్లయ్య మామ కోటుతో, టైతో, మబ్బుల్లో. తీసేసి పాతది పెడతానంటే వద్దంది. "ఉండనియ్యి. కోటేసినంక కోడి దొంగ లెక్క లేడు. బ్యాంకు దొంగ లెక్కున్నడు. జర హోదా పెరిగింది."

నేనక్కడ ఉండగానే పక్కింటావిడ వచ్చింది. బాలమ్మత్త ఫోటో చూసి బుగ్గన వేలేసుకుని, మనిషి లేచి వచ్చినట్టే ఉంది, ఎవరు తీశారు అని అడిగింది. నేను చున్నీ సర్దుకుని కొంచెం నిటారుగా నిలబడ్డాను.

బాలమ్మత్త నా వైపు చూడను కూడా చూడలేదు.

"పట్టుకున్నది వసంత. సూసింది నేను."